సంతకం నాది, కాలు నాన్నది

“ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ... పేరు రాసి, పక్కన పేషెంటుకి మీరు ఏమవుతారో రాయండి మేడమ్” అంది నర్సు.

రాత్రి తొమ్మిది దాటింది. చేతిలో ఇడ్లీ పొట్లం, భుజాన ఫ్లాస్కు వున్న సంచీ, ఇంటి దగ్గర పిల్లలు అన్నం తిన్నారో లేదోనన్న బెంగ. ఆ నర్సు చేతిలో ఇంకో ముగ్గురు పేషెంట్ల ఫైళ్ళు వున్నాయి. ఆవిడ తొందర ఆవిడది. నాలుగు చోట్ల సంతకాలు పెట్టాను. ‘కూతురు’ అని రాశాను. అంతా కలిపి నిమిషం పట్టలేదు.

కూరగాయల కొట్టతను చీటీ ఇస్తే రెండుసార్లు కూడి చూసుకునే మనిషిని నేను. బి.ఏ. చదివాను. నాలుగు కథలు అచ్చయ్యాయి. పకోడీలు కట్టిచ్చిన కాగితం మీది అక్షరాలు కూడా వదలకుండా చదువుతానని మా ఇంట్లో నవ్వుతారు. అలాంటి నేను ఆ నాలుగు కాగితాల్లో ఒక్క ముక్క చదవలేదు. అంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. నేను సంతకం పెడుతున్నప్పుడు మా నాన్న నాకు రెండడుగుల దూరంలో, మంచం మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదువుకుంటున్నాడు. ఆయనకి ఇంగ్లీషు వచ్చు. స్పృహలో వున్నాడు. ఆపరేషన్ ఆయన కాలికి. ఆ కాగితం ఆయన చేతికి ఇవ్వాలని నర్సుకీ తోచలేదు, నాకూ తోచలేదు.

మంచులో దక్కిన వేళ్ళు

నాన్న సైన్యంలో హవల్దారుగా చేసి, 1995లో రిటైరయ్యాడు. నా చిన్నప్పుడు కొంతకాలం సియాచిన్‌లో వున్నాడు. అక్కడి సంగతులు ఆయన పెద్దగా చెప్పడు. ఒక్క విషయం మాత్రం పిల్లలకి పదేపదే చెప్పేవాడు. రోజూ సాయంత్రం బూట్లు, మేజోళ్ళు విప్పి కాలి వేళ్ళు ఒక్కొక్కటీ కదిపి చూసుకోవాలట. రంగు మారిందా, స్పర్శ వుందా అని పక్కవాడి కాళ్ళు కూడా చూడాలట. అక్కడి చలికి వేళ్ళు మొద్దుబారి, నల్లబడి, చివరికి తీసేయాల్సి వస్తుంది. “శత్రువు ఎప్పుడో ఒకసారి కనిపిస్తాడు. చలి ఇరవై నాలుగ్గంటలూ వుంటుంది” అనేవాడు. పది వేళ్ళతో వెళ్ళి పది వేళ్ళతో తిరిగొచ్చానని చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఒక చిన్న గర్వం కనిపించేది.

ఇప్పుడు ఆయనకి డెబ్భై దాటాయి. పన్నెండేళ్ళుగా షుగరు. పోయినేడాది కుడికాలి బొటనవేలి పక్కన చెప్పు ఒరుసుకుని పుండు పడింది. స్పర్శ తగ్గిన కాలు కదా, నొప్పి తెలియలేదు. మేం చూసేసరికే ముదిరింది. మాజీ సైనికుల కోసం 2003 నుంచి ఇ.సి.హెచ్.ఎస్. అనే వైద్య పథకం వుంది. దాని పాలీక్లినిక్‌లో చూసి, పథకం జాబితాలో వున్న ఒక ప్రైవేటు ఆస్పత్రికి రాసి పంపారు. అక్కడ డ్యూటీ డాక్టరు, “కుళ్ళిన కండ తీసేసి శుభ్రం చేస్తాం. చిన్న ప్రొసీజరే. నాలుగు రోజుల్లో పంపేస్తాం” అన్నాడు. మేం విన్నది అదొక్కటే.

మర్నాడు ఉదయం తీసుకెళ్ళారు. నడుముకి ఇంజక్షన్ ఇచ్చి కాళ్ళు మాత్రమే తిమ్మిరెక్కించారు. ఛాతీ దగ్గర గుడ్డ అడ్డం కట్టారు. మగతగా వున్నా లోపల మాటలు వినపడుతూనే వున్నాయని తర్వాత నాన్న చెప్పాడు. పెద్ద కట్టుతో బయటికొచ్చాడు. “అయిపోయింది, బాగా జరిగింది” అన్నారు. నేను వెంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

మూడోరోజు కట్టు మార్చేటప్పుడు నాన్న తల ఎత్తి చూశాడు. బొటనవేలు లేదు. దాని పక్క వేలూ లేదు.

ఆయన అరవలేదు. చాలాసేపు అలాగే చూశాడు. కట్టు కట్టే కుర్రాడు వెళ్ళిపోయాక నా వైపు తిరిగి, “ఎవర్ని అడిగారు?” అన్నాడు.

‘ఎందుకు తీశారు’ అని అడిగితే ఏదో ఒకటి చెప్పేదాన్నేమో. ఆయన అడిగింది ‘ఎవర్ని అడిగారు’ అని. నా దగ్గర జవాబుంది. ‘నన్ను’. కాని నన్నూ అడగలేదు. సంతకం మాత్రం నాది.

కాగితంలో ఏముంది

ఆ సాయంత్రం నేను ఫైలు అడిగి చూశాను. ‘డిబ్రైడ్‌మెంట్’ అన్న మాట పక్కన కూడిక గుర్తు, దాని కింద తీసివేత గుర్తు వేసి, ‘ఆంప్యుటేషన్’ అని గొలుసుకట్టు రాతలో వుంది. అంటే శుభ్రం చేస్తాం, అవసరమైతే కోసేస్తాం అని. కింద అచ్చులో ఇంకో వాక్యం. ఆపరేషన్ మధ్యలో డాక్టరుకి అవసరమనిపించిన మరే చికిత్సకైనా నేను ఒప్పుకుంటున్నానని. దాని కింద నా సంతకం, ముత్యాల్లాంటి అక్షరాలతో.

పెద్ద డాక్టరుగారిని కలిశాను. చెడ్డమనిషి కాదు. కూర్చోబెట్టి మాట్లాడారు. ఎముకదాకా చీము పట్టిందనీ, వదిలేస్తే పాదం పోయేదనీ, తెరిచి చూశాకే ఆ సంగతి తేలిందనీ చెప్పారు. తర్వాత మా వూళ్ళో మాకు తెలిసిన డాక్టరుగారికి ఎక్స్‌రేలూ రిపోర్టులూ చూపిస్తే, ఆయన కూడా తీయడమే మంచిదయిందన్నారు. సరే, నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఆ మాటే నాన్నకి చెప్పాను. ఆయన విని, “తీయాల్సి వస్తే తీయమనే చెప్పేవాణ్ణి కదమ్మా. అక్కడ మెలకువగానే వున్నాను. ముందురోజు రాత్రి కూడా వున్నాను. వాళ్ళు పోనీ, నువ్వు అడగొచ్చు కదా” అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. వైద్యం తప్పుగా చేయడం ఒకటి. అడగకుండా చేయడం ఇంకొకటి. ఈ రెండూ వేరువేరు తప్పులు. ఆపరేషన్ దివ్యంగా జరిగినా, మనిషిని అడక్కపోవడం అనే తప్పు అలాగే వుంటుంది. ‘మంచికే చేశారు కదా’ అనే మాటతో మనం రెండో తప్పుని మొదటిదాని కింద కప్పెట్టేస్తున్నాం.

మా పిన్ని కథ

ఇదంతా మగవాళ్ళ సంగతి, సైనికుల సంగతి అనుకోకండి. అసలు ఈ బాధ ఎక్కువగా పడేది మనమే. మా పిన్నికి ముప్పై నాలుగో ఏట గర్భసంచి తీశారు. నెలసరి ఎక్కువవుతోందని వెళ్ళింది. “ఇద్దరు పిల్లలున్నారు కదమ్మా, ఇంకా అది దేనికి, వుంచుకుంటే క్యాన్సరవుతుంది” అన్నారట. బాబాయి సంతకం పెట్టాడు. ఆ తర్వాత పిన్నికి ఒళ్ళంతా ఆవిర్లు, నిద్రపట్టకపోవడం, నలభై నిండకుండానే మోకాళ్ళు, నడుము నొప్పులు. ‘నీరసం’ అనేవాళ్ళు, ‘మనసులో పెట్టుకుంటుంది’ అనేవాళ్ళు. పదకొండేళ్ళ తర్వాత వేరే పని మీద స్కానింగు తీస్తే, అండాశయాలు రెండూ లేవని రిపోర్టు వచ్చింది. గర్భసంచితోపాటు అవీ తీసేశారు. ఆ సంగతి పిన్నికి తెలీదు, బాబాయికీ తెలీదు. పదకొండేళ్ళపాటు తన ఒంట్లో ఏముందో, ఏం లేదో తెలియకుండా బతికింది ఆ తల్లి.

మన ఇరుగుపొరుగుల్లో ఇలాంటివాళ్ళు ఎంతమందో లెక్కపెట్టి చూడండి. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2. మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెలంగాణలో 7.7. మన ఆడవాళ్ళ గర్భసంచులకే ఇంత జబ్బు ఎందుకొచ్చిందో ఎవరైనా చెప్పగలరా? అనవసరంగా తీయకుండా చూసేందుకు కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు తయారుచేసింది. వాటిని రాష్ట్రాలన్నీ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ పని ఆస్పత్రి గుమ్మం దాటి లోపలికి రావాలంటే అడిగేవాళ్ళు కూడా వుండాలి కదా.

తల్లి సంతకం చాలదన్న కోర్టు

నాన్న ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే నాకు సుప్రీంకోర్టు 2008 జనవరి 16న ఇచ్చిన తీర్పు ఒకటి దొరికింది. సమీరా కోహ్లి కేసు అంటారు. చదువుతూంటే అచ్చం మా పిన్ని కథే అనిపించింది.

1995 మే నెల. 44 ఏళ్ళ అవివాహిత ఒకావిడ నెలసరి ఆగడం లేదని క్లినిక్‌కి వెళ్ళింది. కారణం తెలుసుకోవడానికి మత్తిచ్చి లోపల కెమెరా గొట్టంతో పరీక్ష చేస్తామన్నారు. సరేనంది. ఆవిడ మత్తులో వుండగా ఒక డాక్టరు బయటికొచ్చి, అక్కడ కూర్చున్న తల్లిచేత సంతకం పెట్టించుకుంది. లోపల గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆవిడ వినియోగదారుల జాతీయ కమిషన్‌కి వెళ్తే 2003లో కొట్టేశారు. సుప్రీంకోర్టుకి వెళ్ళింది.

కోర్టు ఏమందంటే... పేషెంటు మేజరు, తెలివైన మనిషి, కొద్దిసేపట్లో మెలకువ వస్తుంది, ప్రాణం మీదికి వచ్చిన స్థితి కాదు. అలాంటప్పుడు తల్లి సంతకం చెల్లదు. పరీక్షకి ఒప్పుకోవడమంటే చికిత్సకి ఒప్పుకోవడం కాదు. ఒక చికిత్సకి ఇచ్చిన సమ్మతి మరో చికిత్సకి చెల్లదు. మళ్ళీ ఇంకో ఆపరేషన్ తప్పుతుందనో, ఖర్చు కలిసొస్తుందనో చేయడం కూడా కుదరదు. ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు వుండి, మెలకువ వచ్చేదాకా ఆగడం సబబు కాదన్నప్పుడే అడగకుండా చేయవచ్చు. డాక్టరు దురుద్దేశంతో చేయలేదని కోర్టు ఒప్పుకుంది. అయినా ఫీజు ఇవ్వనక్కర్లేదని, పైగా 25 వేల రూపాయలు పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆ డబ్బు ఏపాటిదని మీరనొచ్చు. డబ్బు సంగతి వదిలేయండి. మంచి మనసుతో చేసినా, అడక్కుండా చేస్తే తప్పే అని దేశపు పెద్ద కోర్టు చెప్పింది. నాకు కావలసిన మాట అదే.

సమ్మతి తీసుకునే ముందు డాక్టరు ఏం చెప్పాలో కూడా ఆ తీర్పులో వుంది. చేసే పని ఏమిటి, ఎందుకు, దానివల్ల లాభమేమిటి; వేరే దారులేమైనా వున్నాయా; ముఖ్యమైన ప్రమాదాలేమిటి; చేయించుకోకపోతే ఏమవుతుంది. ఇవి చెప్పాలి. ఎప్పుడో లక్షలో ఒకరికి వచ్చే ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టి భయపెట్టనక్కర్లేదని కూడా అంది. న్యాయంగానే వుంది కదా?

కాని మన పద్ధతులు చూడండి. డాక్టర్ల నడవడికి 2002లో చేసిన నిబంధనల్లో, ఆపరేషన్‌కి ముందు రాతపూర్వకంగా ఎవరి సమ్మతి తీసుకోవాలో చెప్పే వాక్యం వుంది. మొదట భర్త లేక భార్య, తర్వాత మైనర్లయితే తల్లిదండ్రి లేక సంరక్షకుడు, ఆఖర్న పేషెంటు. ఒళ్ళు ఎవరిదో వాళ్ళు వరసలో చివర! అందుకే కాబోలు ఆస్పత్రుల్లో ఆడది కనిపిస్తే చాలు ‘మీ ఆయన వచ్చారా’ అంటారు. మేజరైన స్త్రీ గర్భస్రావం చేయించుకోవాలంటే ఆవిడ సమ్మతి ఒక్కటి చాలని 1971 నాటి చట్టమే చెబుతోంది. అయినా భర్త సంతకం లేందే కదలరు.

సైనికుడికి అడిగే హక్కుందా?

“మేం ఆర్డరంటే ఆర్డరు అనుకునేవాళ్ళం. డాక్టరు చెప్పినా ఆర్డరే” అన్నాడు నాన్న ఒకరోజు. పైగా ఉచిత వైద్యం. ‘డబ్బు కట్టని మనం ఏమడుగుతాం’ అనే మొహమాటం మాజీ సైనికుల ఇళ్ళల్లో నేను చాలా చూశాను. అందుకని, సైనికుల విషయంలో న్యాయం ఏం చెబుతుందో కూడా వెతికాను.

అమెరికాలో మాజీ సైనికుల కోసం ప్రభుత్వమే వేరే ఆస్పత్రులు నడుపుతుంది. అక్కడ రెండు కేసులున్నాయి. మొదటిదాంట్లో, సైన్యంలో వుండగా ఒకతనికి కడుపు ఆపరేషన్ చేశారు. ఎనిమిది నెలల తర్వాత మళ్ళీ కోస్తే లోపల 30 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు వున్న తువ్వాలు దొరికింది. దాని మీద సైన్యపు వైద్యశాఖ పేరు కూడా అచ్చువేసి వుంది! సర్వీసులో వుండగా జరిగిన దానికి ప్రభుత్వం మీద దావా వేయకూడదని 1950లో అక్కడి సుప్రీంకోర్టు అతన్ని పంపేసింది. రెండో కేసులో, సైన్యం నుంచి బయటికొచ్చిన ఒకతని మోకాలికి మాజీ సైనికుల ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. రక్తం ఆపడానికి కట్టే పట్టీ లోపం వల్ల కాలి నరం శాశ్వతంగా దెబ్బతిన్నదని అతను కోర్టుకెక్కాడు. నువ్వు దావా వేయవచ్చని 1954లో అదే కోర్టు అంది. యూనిఫాం విప్పిన మనిషి మామూలు పౌరుడే, మామూలు పౌరుడి హక్కులన్నీ వున్నాయని దాని భావం. సర్వీసులో వున్నవాళ్ళు కూడా సైనిక ఆస్పత్రుల పొరపాట్లకి పరిహారం కోరుకునే వీలు అక్కడ 2019 చివర్లో చేసిన చట్టంతో గాని రాలేదు.

మన దేశంలో? 2002లో సరిహద్దులో వున్న మన వైమానిక దళం మనిషి ఒకరికి జబ్బు చేస్తే సైనిక ఆస్పత్రిలో రక్తం ఎక్కించారు. పన్నెండేళ్ళ తర్వాత, 2014లో, ఆయనకి హెచ్.ఐ.వి. వున్నట్టు బయటపడింది. ఉద్యోగం పోయింది. ఆయన ఆస్పత్రుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ, కమిషన్ చుట్టూ తిరిగి తిరిగి, చివరికి 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టులో గెలిచాడు. సైన్యం, వైమానిక దళం రెండూ బాధ్యులేనని, 1 కోటి 54 లక్షల 73 వేల రూపాయలు ఇవ్వాలని తీర్పు. కాబట్టి ‘మిలిటరీ ఆస్పత్రిని ఎవరడుగుతారు’ అన్న మాటకి కాలం చెల్లింది.

ఉచితం సంగతి కూడా 1995లోనే తేలింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకి వస్తుందని సుప్రీంకోర్టు ఆ యేడు తీర్పిచ్చింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని, కొందరికి ఉచితంగా చేసే ఆస్పత్రుల్లో ఉచిత పేషెంట్లకీ ఆ హక్కు వుంది. మన తరఫున బీమా కంపెనీయో, ఉద్యోగం ఇచ్చినవాళ్ళో కడితే అది ఉచితం కిందకి రాదనీ చెప్పింది. మనం జేబులోంచి తీయకపోయినా ఆ బిల్లు ఎవరో ఒకరు కడుతున్నారు. మా నాన్న విషయంలో అయితే ఆ బిల్లు ఆయన సియాచిన్‌లో ఎప్పుడో కట్టేశాడు.

మన తప్పు మాటేమిటి?

అంతా డాక్టర్ల మీదకి తోసేస్తే అబద్ధమాడినట్టే. రోజుకి వందమందిని చూసే డాక్టరుకి ఒక్కొక్కరి దగ్గర అరగంట కూర్చునే తీరిక లేదు. ఏదన్నా జరిగితే అద్దాలు పగలగొట్టే, చెయ్యి చేసుకునే బంధువులూ వున్నారు. అలాంటి భయంలో వున్న ఆస్పత్రికి సంతకం ఒక రక్షణ కాగితం అయిపోయింది. చెప్పడం కోసం పుట్టిన కాగితం, తర్వాత అడగకుండా నోరు నొక్కే కాగితమైంది.

మనమేం తక్కువ తినలేదు. ‘నాన్నకి చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు’ అని గది బయట చెవిలో చెప్పేది ఎవరు? మనమే. ‘అమ్మకి క్యాన్సరని తెలియనివ్వకండి’ అనేదీ మనమే. ప్రేమతోనే అంటాం. ఆ ప్రేమతోనే, ఇంట్లో పెళ్ళి నిశ్చయమైతే ఆఖరికి పెళ్ళికూతురికి చెప్పేవాళ్ళు మన తాతలు. మనుషుల్ని పెద్దవాళ్ళయ్యాక పిల్లలుగా, ఆడవాళ్ళయితే ఎప్పటికీ పిల్లలుగా చూడటం మనకి బాగా అలవాటు. సియాచిన్‌లో కాపలా కాసినవాడు రెండు వేళ్ళు పోతాయన్న మాట తట్టుకోలేడని నేనెలా అనుకున్నాను? అనుకోలేదు. అసలు ఆలోచించనే లేదు. అదే నా తప్పు.

సంతకానికి ముందు

ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా ఆస్పత్రిలో కూర్చునేది మనం. అటెండెంటు చీటీ మన మెడలో. అందుకని నాకు ఆలస్యంగా తెలిసిన నాలుగు మాటలు మీకు చెబుతాను.

కాగితం పేషెంటు చేతికి ఇవ్వమనండి. స్పృహలో వున్న మేజరు సంతకం ఆ మనిషే పెట్టాలి. చదవడం రాకపోతే తెలుగులో చదివి వినిపించమనండి. అచ్చు ఇంగ్లీషులో వుంటే ‘ఇందులో ఏముందో మాకు తెలుగులో చెప్పండి’ అనడం తప్పేం కాదు.

‘మధ్యలో ఇంకేమైనా చేయాల్సి రావచ్చా? వస్తే ఏమిటది?’ అని ముందే అడగండి. మా కథలో అడగాల్సింది ఈ ఒక్క ప్రశ్నే. వస్తుందని చెబితే, దానికీ ఇప్పుడే ఒప్పుకుంటారో, ఆగి అడగమంటారో పేషెంటునే తేల్చుకోనివ్వండి. తీసేస్తామంటే ఏవేవి తీస్తారో పేరుపేరునా అడగండి. గర్భసంచి అంటే గర్భసంచి ఒక్కటేనా, అండాశయాలు కూడానా?

ప్రాణం మీదికి రాకపోతే ఒక రోజు గడువు అడగండి. ఇంకో డాక్టరుకి చూపించుకోవడం పేషెంటు హక్కని జాతీయ మానవహక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన పేషెంట్ల హక్కుల పత్రంలోనే వుంది. యాక్సిడెంటయి స్పృహలేని మనిషి విషయం వేరు. అక్కడ సంతకాల కోసం ప్రాణం పోగొట్టుకోమని ఎవరూ చెప్పరు.

సంతకం పెట్టిన ప్రతి కాగితాన్నీ సెల్‌ఫోనులో ఫొటో తీసుకోండి. రాసిచ్చి అడిగితే 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలని ఆ 2002 నిబంధనల్లోనే వుంది. ఏదైనా అన్యాయం జరిగిందనిపిస్తే మీరు వుంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. రెండేళ్ళలోగా చేయాలి.

మేం ఫిర్యాదు చేయలేదు. నాన్న వద్దన్నాడు. “కాలు నిలబెట్టారు కదా” అన్నాడు. ఆ మాట ఆయన అనాలి గాని నేనో, ఆస్పత్రివాళ్ళో అనకూడదు.

ఆర్నెల్ల క్రితం ఆ పుండు మీద తొడ చర్మం తీసి అతికించడానికి మళ్ళీ అదే ఆస్పత్రికి వెళ్ళాం. ఈసారీ రాత్రే, ఈసారీ నర్సు నా దగ్గరికే వచ్చింది. “ఆయనకివ్వండి” అన్నాను. ఆవిడ విసుక్కుంది గాని ఇచ్చింది. నాన్న కళ్ళజోడు తుడుచుకుని మొత్తం చదివాడు. పావుగంట పట్టింది. డాక్టరుని పిలిపించి, చర్మం ఎంత తీస్తారు, అతుక్కోకపోతే ఏం చేస్తారు, మళ్ళీ వేలు తీయాల్సి వస్తుందా అని మూడు ప్రశ్నలు వేశాడు. కుర్ర డాక్టరు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని ఓపిగ్గా చెప్పాడు. తర్వాత నాన్న పెన్ను తీసుకుని పేరు రాసి, కింద తన ఆర్మీ నెంబరు కూడా వేసి, సంతకం పెట్టాడు. ‘పేషెంటుకి ఏమవుతారు’ అన్న గడిలో ‘నేనే’ అని రాశాడు.

నర్సు నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఎందుకంటే అదే ఫైల్లో, నాలుగు కాగితాల వెనకాల, ఆ మొదటి సంతకం ఇంకా అలాగే వుంది. అది నాది.